కెప్టెన్‌గా ఆ కాగితం మీద నేనేం రాయాలి?

ఈ వారం ఉత్తరం ఒక మహిళల రగ్బీ జట్టు కెప్టెన్ రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, క్లుప్తంగా చెబుతాను.

ఆమె వయసు 29. ఏడేళ్లుగా ఒక చిన్న క్లబ్బుకు ఆడుతున్నారు, రెండేళ్లుగా కెప్టెన్. ఆ జట్టులో ఆట ఎవరికీ ఉద్యోగం కాదు. పగలంతా ఎవరి పని వాళ్లు చేసుకుని సాయంత్రం గ్రౌండ్‌కు వచ్చేవాళ్లే. పోయినేడాది ఆమె ఆఫీసు స్నేహితురాలు కూడా క్లబ్బులో చేరింది. ఆ స్నేహితురాలు ట్రాన్స్ మహిళ. 24వ ఏట హార్మోన్ చికిత్స మొదలుపెట్టింది, ఇప్పుడు 28. ఆరడుగులకు ఒక్క అంగుళం తక్కువ, 84 కిలోలు. చేరినప్పుడు బంతి పట్టుకోవడం కూడా వచ్చేది కాదట. ఇప్పుడు లాక్ స్థానానికి, అంటే ముందు వరుసల్లో నెట్టుడుకు దిగే పొడుగరుల చోటుకు, సరిపోయేలా తయారైంది. ఇంకా లీగ్ మ్యాచ్ ఆడలేదు, ప్రాక్టీసు మాత్రమే. ఆమె సంగతి జట్టుకు మొదటి రోజే తెలుసు, ఎవరూ కాదనలేదు.

రెండు నెలల క్రితం ట్యాకిల్ ప్రాక్టీసులో, అంటే బంతితో వచ్చేవాళ్లను పట్టి పడేయడం నేర్చుకుంటుండగా, 52 కిలోల వింగర్ (మైదానం అంచున పరిగెత్తే ఆటగత్తె) బంతితో దూసుకొస్తుంటే ఈ లాక్ అడ్డుకుంది. ఇద్దరూ కలిసి పడ్డారు. వింగర్ కిందుంది, లాక్ పైనుంది. కాలర్ బోన్ విరిగింది. "ఎండుపుల్ల విరిగినట్టు ఆ చప్పుడు నాకు వినబడింది" అని రాశారు కెప్టెన్. ట్యాకిల్‌లో తప్పేమీ లేదన్నారు కోచ్. అయినా వారం తిరక్కుండానే వాట్సాప్ గ్రూపు రెండయింది. "మా భద్రత సంగతేమిటి?" అంటూ పదకొండు సంతకాలతో ఒక కాగితం కమిటీకి వెళ్లింది. సంతకం పెట్టని ఆరుగురు, పెట్టినవాళ్లను మనసు లేనివాళ్లంటున్నారు. కమిటీ చేతులు దులుపుకుని, కెప్టెన్ అభిప్రాయం మూడు వారాల్లో రాతపూర్వకంగా ఇవ్వాలంది.

"ఏం రాసినా ఎవరో ఒకరికి ద్రోహం చేసినట్టే. ఇంకో మాట కూడా ఉంది. ప్రాక్టీసులో ఆమె ఎదురుగా వస్తుంటే నాకూ భయంగానే ఉంటుంది. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇలా అనుకుంటున్నందుకు నేను చెడ్డదాన్నా?" అని అడిగారు. చివర్లో ఇంకో చిన్న సంగతి రాశారు. స్నేహితురాలి మౌత్‌గార్డ్ డబ్బా రెండు నెలలుగా తన కిట్ బ్యాగులోనే ఉందట. తిరిగి ఇచ్చేస్తే ఇక రావొద్దన్నట్టు ఉంటుందేమో, ఇవ్వకపోతే తప్పించుకు తిరుగుతున్నట్టు ఉంటుందేమో అని.

ఇదీ ఉత్తరం. ఇక మీతో నేరుగా మాట్లాడతాను.

మీ ప్రశ్నతోనే మొదలుపెడదాం. మీరు చెడ్డవారు కారు. నేను రగ్బీ ఆడినదాన్ని కాదు. మీ ఉత్తరం వచ్చాక నాలుగు మ్యాచ్‌లు కూర్చుని చూశాను, క్రీడాకారులకు వైద్యం చేసే ఒక ఫిజియోతో గంటసేపు మాట్లాడాను. 84 కిలోల మనిషి పరుగున మీదికొస్తుంటే భయపడని శరీరం ఉండదని ఆవిడ నవ్వుతూ అన్నారు. ఆ భయమే తల ఎటు పెట్టాలో, భుజం ఎక్కడ ఆనించాలో నేర్పుతుందట. కాబట్టి భయపడినందుకు సిగ్గుపడకండి. అయితే ఆ భయం దేనికో మీరు ఒకసారి విడదీసి చూసుకోవాలి. ఆమె బరువుకా, వేగానికా, లేక ఆ చప్పుడు విన్న రోజు నుంచి పట్టుకున్న భయమా? ఎందుకంటే మీ ఉత్తరం రెండో పేజీలో, ఏదో సందర్భానికి, మీ జట్టు ప్రాప్ (ముందు వరుసలో నెట్టే ఆటగత్తె) బరువు 96 కిలోలని రాశారు. పోయిన సీజన్‌లో ఆవిడ ఎదుటి జట్టు అమ్మాయి పక్కటెముకలు రెండు విరగ్గొట్టిందని కూడా రాశారు. ఆ సాయంత్రం అందరూ ఆవిడ భుజం తట్టారు. ఎవరూ సంతకాలు సేకరించలేదు.

ఈ మాట ఎత్తిపొడవడానికి అనడం లేదు. 96 కిలోల ప్రాప్ ఉంది కాబట్టి 84 కిలోల లాక్ గురించి మాట్లాడకూడదని వాదించడం కూడా నా ఉద్దేశం కాదు, ఆ వాదనలో లోపం ఉంది. బరువు ఒక్కటే లెక్క అయితే ప్రాప్‌లను ముందు నిషేధించాలి. బరువుతో పాటు ఆ బరువును ఎంత వేగంతో, ఎంత బలంతో తీసుకొస్తారన్నది అసలు లెక్క. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో వచ్చే 84 కిలోల మనిషి ఊపు, అదే వేగంతో వచ్చే 52 కిలోల మనిషి ఊపుకు ఒకటిన్నర రెట్లకు పైనే. మీ ప్రాప్ అంత వేగంగా పరిగెత్తగలదా? మీకే తెలియాలి. నేనడిగేది ఒక్కటే. మీరు ఇద్దరినీ ఒకే కొలతతో కొలుస్తున్నారా?

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకే మూటలో ఉన్నాయి. మూట విప్పితే సగం బరువు తగ్గుతుంది. మీ స్నేహితురాలు ఆడమనిషేనా కాదా అన్నది ఒకటి. దాన్ని తేల్చమని మిమ్మల్నెవరూ కెప్టెన్‌గా ఎన్నుకోలేదు. ఆమె ఎవరో ఆమె మీకు చెప్పింది, మీరు అలాగే పిలుస్తున్నారు, ఏ కమిటీ తీర్మానమూ అందులో కలగజేసుకోనక్కర్లేదు. ఆట న్యాయంగా ఉందా, పతకం ఎవరిది అన్నది రెండోది. ఒలింపిక్ స్థాయిలో అది పెద్ద ప్రశ్నే. మీ పదకొండు మంది రాసిన కాగితంలో ఆ ఊసే లేదు, కాబట్టి పక్కన పెడదాం. మిగిలింది మూడోది, ఎవరి ఎముకా విరగకుండా ఆడటం ఎలా అన్నది. అది నిజంగా మీ పనే.

దీని మీద శాస్త్రం ఏమంటోందో తెలుసుకోకుండా కాగితం మీద కలం పెట్టకండి. జట్టులో ఇరుపక్షాలూ తమకు కావలసిన ముక్కే పట్టుకుని గ్రూపులో పెడుతున్నట్టున్నారు.

యుక్తవయసులో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ వల్ల పెరిగే ఎత్తు, భుజాల వెడల్పు, ఎముకల పొడవు తర్వాత దాన్ని తగ్గించే చికిత్సతో తగ్గవు. రక్తంలో హిమోగ్లోబిన్ మాత్రం త్వరగా తగ్గుతుంది, మూడు నాలుగు నెలల్లో ఆడవాళ్ల స్థాయికి వచ్చేస్తుంది. కండరం కథ వేరు. ఎమ్మా హిల్టన్, టామీ లండ్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటివరకూ వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి 2021లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఏడాది చికిత్స తర్వాత కూడా కండరం, బలం తగ్గింది సుమారు 5 శాతమే. అదే ఏడాది జోవానా హార్పర్ బృందం చేసిన సమీక్షలో మూడేళ్ల తర్వాత కూడా బలం కొంత ఎక్కువగానే మిగలొచ్చని తేలింది. హార్పర్ తానే ట్రాన్స్ మహిళ, పరుగు పోటీల్లో పాల్గొన్న మనిషి. కాబట్టి ద్వేషంతో రాసిందని ఎవరూ అనలేరు.

రెండో వైపు కూడా వినండి. 2024లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిధులతో జరిగిన ఒక అధ్యయనంలో, ఆటలాడే ట్రాన్స్ మహిళలకు పిడికిలి పట్టు మిగతా మహిళల కంటే ఎక్కువుంది. కానీ పైకి ఎగరడంలో ట్రాన్స్ మహిళలే వెనకబడ్డారు, శరీర బరువుతో పోల్చి చూస్తే ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం కూడా తక్కువే. పెద్ద అస్థిపంజరాన్ని తగ్గిన కండరంతో మోయాల్సి రావడం దీనికి ఒక వివరణ. ఇలా చూస్తే ఒక్క పట్టు కొలిచి మొత్తం మనిషిని తేల్చేయడం కుదరదు.

ఇంకో మెలిక ఉంది. ఈ అధ్యయనాల్లో చాలావాటిలో ఉన్నవాళ్లు రగ్బీ ఆటగాళ్లు కారు, వ్యాయామం అంతగా లేని మామూలు మనుషులు. ట్యాకిల్ చేసినప్పుడు ఎవరికి ఎంత దెబ్బ తగిలిందని నేరుగా కొలిచిన లెక్కలు కావు ఇవి. బలం, బరువు, వేగం తెలుసు కాబట్టి ఢీకొంటే ఇంత ప్రమాదం ఉండొచ్చని ఊహించి కట్టిన లెక్కలు. అంతమాత్రాన తీసిపారేయాల్సినవి కావు. వంతెన కూలేదాకా ఆగి బరువు లెక్కలు వేయం కదా. కానీ "సైన్స్ తేల్చేసింది" అని గ్రూపులో ఎవరైనా పెడితే, వాళ్లు ఏ పక్షమైనా సరే, నమ్మకండి.

ఈ అనిశ్చితిలోనే పెద్ద సంస్థలు వేర్వేరు దారులు పట్టాయి. 2020 అక్టోబరులో, ప్రపంచమంతటా ఈ ఆటను నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ, మగ యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలు అంతర్జాతీయ స్థాయి మహిళల రగ్బీ ఆడకూడదని మార్గదర్శకాలు తెచ్చింది. అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల్లో ఆ పని చేసిన మొదటిది అదే. సగటున మగవాళ్లు 25 నుంచి 50 శాతం ఎక్కువ బలం, 40 శాతం ఎక్కువ బరువు, 15 శాతం ఎక్కువ వేగంతో ఉంటారని, చికిత్సతో ఆ తేడా తగినంతగా తగ్గదని దాని వాదన. అయితే కింది స్థాయి ఆటల్లో ఏం చేయాలన్నది దేశాల సంఘాలకే వదిలేసింది. ఇంగ్లండ్ రగ్బీ సంఘం 2022 జులైలో ఓటింగ్ పెట్టి, కింది స్థాయిలో కూడా వద్దంది. 2021 చివర్లో ఇంకా తమాషా జరిగింది. సెప్టెంబరులో బ్రిటన్ క్రీడా మండళ్లు, శరీర బలంతో నడిచే ఆటల్లో చేర్చుకోవడం, న్యాయం, భద్రత అనే మూడూ ఒకేసారి సాధ్యం కావని తేల్చాయి. రెండు నెలలు తిరిగేసరికి నవంబరులో ఒలింపిక్ కమిటీ, ఆధారం లేకుండా ఎవరికీ అదనపు బలం ఉందని ముందే అనుకోకూడదంది. ఏళ్ల తరబడి దీని మీదే కూర్చున్న పెద్దలే ఇలా ఉంటే, మూడు వారాల్లో ఒక కాగితం మీద మిమ్మల్ని తేల్చమనడం న్యాయం కాదు. ఆ కోపం మీ ఉత్తరంలో కనిపించలేదు. కాస్త ఉంటే బాగుండేది.

అందుకే ఏదైనా రాయకముందు, మీ లీగ్ నిబంధన ఏమిటో రాతపూర్వకంగా అడగండి. "మా దగ్గర రూలేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు" అని ఒక్క వాక్యంలో దాటేశారు మీరు. ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. ప్రాక్టీసులో, మ్యాచ్‌లో ఇన్సూరెన్స్ ఎవరికి ఎంతవరకు వర్తిస్తుందో కూడా అదే ఉత్తరంలో అడగండి. స్నేహితురాలి పేరు పెట్టనక్కర్లేదు.

జవాబు "కుదరదు" అని వస్తే, మ్యాచ్ విషయంలో మీ అభిప్రాయంతో పని లేదు. మీకు అది ఒక విధంగా ఊరట, ఆమెకు మాత్రం దెబ్బ. ఎవరికీ తెలియదులే అని దొంగచాటుగా ఆడించాలని మీ ఆరుగురిలో ఎవరికైనా అనిపించొచ్చు, ప్రేమతోనే. వద్దు. ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు అమ్మాయికి దెబ్బ తగిలిన రోజున క్లబ్బు పాయింట్లు పోవడం చిన్న విషయం. ఆమె పేరు, ఆమె వైద్య చరిత్ర నలుగురి నోళ్లలో నానుతాయి. అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆమే. అప్పుడు మిగిలే దారి, ఢీకొనడం లేని ఆట. టచ్ రగ్బీలో ట్యాకిల్ లేదు, చేత్తో తాకితే చాలు, ఆడా మగా కలిసి ఆడే జట్లు కూడా ఉంటాయి. ప్రాక్టీసులో పరుగులు, పాసులు, ఫిట్‌నెస్ అందరితో పాటే చేయొచ్చు. కానీ దీన్ని ఆమెకు వరంలా ఇవ్వబోకండి. లాక్ కావాలని ఏడాది పాటు స్క్రమ్‌లో (రెండు జట్లూ తలలు ఆనించి నెట్టుకునే గుంపులో) చెవులు ఒరుసుకుపోయేలా నేర్చుకున్న మనిషికి టచ్ రగ్బీ అంటే, పెళ్లికి పిలిచి వాకిట్లో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ఆమె కాదంటే కాదననివ్వండి.

జవాబు "షరతులతో కుదురుతుంది" అని గానీ, "క్లబ్బులే చూసుకోవాలి" అని గానీ వస్తే అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఆడనివ్వాలంటే ప్రాక్టీసు తీరు మారాలి. ఆ ఫిజియో చెప్పిన ఒక విషయం నాకు కొత్త. కాలర్ బోన్ ఎక్కువగా విరిగేది నేరుగా దెబ్బ తగిలి కాదట, భుజం కొన నేలకు కొట్టుకుని. అంటే మీ వింగర్ గాయంలో ట్యాకిల్ ఎంత బలంగా పడిందన్నది ఎంత ముఖ్యమో, ఆమె ఎలా పడిందన్నదీ అంతే ముఖ్యం. బంతిని రెండు చేతులతో పొట్టకు హత్తుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, భుజం కొన మీద కాకుండా వీపు వైపు దొర్లుతూ పడటం నేర్పిస్తారా మీ క్లబ్బులో? ఎన్ని సాయంత్రాలు నేర్పించారు? పైనున్నవాళ్లు కిందివాళ్ల మీద బరువంతా వేయకుండా పక్కకు దొర్లడం నేర్పించారా? రెండు నెలల నుంచి గొడవ నడుస్తోంది గానీ, ఈ రెండు నెలల్లో పడటం మీద ఒక్క ప్రాక్టీసైనా జరిగిందా అన్నది మీ ఉత్తరంలో లేదు.

52 కిలోల అమ్మాయిని 84 కిలోల అమ్మాయికి ఎదురుగా పూర్తి వేగంతో పరిగెత్తించింది ఎవరు? ఆ జోడీ మీ స్నేహితురాలు వేసుకోలేదు. ట్యాకిల్ ప్రాక్టీసులో సైజు చూసి జోడీలు వేయడం, ముందు మోకాళ్ల మీద, తర్వాత నడకలో, ఆ తర్వాతే పరుగులో చేయించడం మామూలు జాగ్రత్త. ట్యాకిల్ ఎత్తు కూడా తగ్గించుకోవచ్చు. 2023–24 సీజన్ నుంచి ఇంగ్లండ్‌లో క్లబ్బు స్థాయి ఆటల్లో ఛాతీ ఎముక కింది అంచు కంటే పైన ట్యాకిల్ చేయడం తప్పు, తలకు దెబ్బలు తగ్గించడానికి. ఆడవాళ్ల ఆటల్లో ఈ విషయం మరీ ముఖ్యం. ఆడా మగా ఒకే తీరున ఆడే ఫుట్‌బాల్ లాంటి ఆటల్లో కంకషన్లు (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) ఆడవాళ్లకే ఎక్కువని చాలా లెక్కల్లో తేలింది. మెడ కండరాల బలంలో తేడా దానికి ఒక కారణమంటారు. ఇవన్నీ మీ లాక్ ఉన్నా లేకపోయినా చేయాల్సినవే. ఆమె వెళ్లిపోయిన మర్నాడు కూడా మీ ప్రాప్ 96 కిలోలే ఉంటుంది.

ఇదంతా చేసినా మిగిలే ప్రమాదం మిగులుతుంది. మ్యాచ్‌లో జోడీలు మీరు వేయలేరు. ఎదుటి జట్టులో 50 కిలోల అమ్మాయి ఎవరు ఎదురొస్తారో తెలియకుండా ఒప్పుకుని దిగుతుంది. ఆమెకు చెప్పాలా? చెబితే మీ స్నేహితురాలి సొంత విషయం బజారున పడుతుంది. చెప్పకపోతే ఒప్పుకోలులో ఒక ముక్క తగ్గినట్టే. దీనికి శుభ్రమైన జవాబు నా దగ్గర లేదు. లీగ్ అధికారికి తెలిసి, లీగ్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ భారం వాళ్లది. మీ భుజాల మీద మోయకండి. ఈ దారిలో మీ పదకొండు మందిలో కొందరు క్లబ్బు మారొచ్చు. మారితే శాపనార్థాలు పెట్టకుండా పంపండి. నా శరీరం, నా ఎముక, నాకు ఈ ప్రమాదం వద్దు అనే హక్కు ప్రతి ఆటగత్తెకూ ఉంది. అది చెప్పినంత మాత్రాన ద్వేషం కాదు.

"కొంతకాలం ఆగమందాం" అనే మధ్యేమార్గం కూడా కమిటీ తీసుకురావచ్చు. తేదీ లేకుండా అయితే ఒప్పుకోకండి. తేదీ లేని "కొంతకాలం" అంటే గెంటేయడమే, చప్పుడు లేకుండా. "అందరికీ ఓపెన్ విభాగం పెడదాం" అని ఇంకొకరు అనొచ్చు. వినడానికి బాగుంటుంది. 2023లో బెర్లిన్ ప్రపంచ కప్ ఈతపోటీల్లో అలాంటి విభాగం ప్రకటిస్తే ఒక్కరూ పేరివ్వలేదు, పోటీలు జరగనే లేదు. పదిహేనేసి మందితో ఆడే ఆటకు ఇద్దరు ముగ్గురితో విభాగం ఎలా నడుస్తుంది?

నా అభిప్రాయం దాచుకోను. ప్రపంచ స్థాయిలో, ఢీకొనే ఆటలో, వరల్డ్ రగ్బీ జాగ్రత్త వైపు మొగ్గడం నాకు అర్థమవుతుంది. ఆట ఎవరికీ ఉద్యోగం కాని, సైజులు ఎలాగూ చెల్లాచెదురుగా ఉండే మీ లాంటి క్లబ్బులో అదే సూత్రం మక్కీకి మక్కీ అవసరమా అన్నది మాత్రం నాకు తేలడం లేదు. ఇదే విషయం మీద నాకంటే తెలిసినవాళ్లు ఇటూ అటూ ఉన్నారు. కాబట్టి నా మొగ్గును మీ కాగితం మీదికి ఎక్కించకండి.

ఉత్తరంలో ఒక మూల ఉన్న ఇంకో విషయం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. సంతకాల గొడవ మొదలయ్యాక జుట్టు కత్తిరించుకుని ఉండే మీ హుకర్‌ని (ముందు వరుస మధ్యలో ఆడే అమ్మాయిని) కూడా ఎవరో "మరి నువ్వు?" అని అడిగారని రాశారు. సరదాకే అన్నారట. అలాంటి సరదా ఎంతదూరం పోతుందో చెబుతాను. 1985లో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసె మార్టినెజ్ పటిన్యో, ఆడా మగా తేల్చడానికి అప్పట్లో చేసే క్రోమోజోమ్ పరీక్షలో ఫెయిలయ్యారు. పుట్టినప్పటి నుంచీ ఆడపిల్లగానే పెరిగిన మనిషి. ఆమె శరీరం టెస్టోస్టెరాన్‌కు స్పందించదని, అందువల్ల దానితో ఆమెకు లాభమే లేదని తర్వాత తేలింది. ఈలోగా విషయం పత్రికలకెక్కింది, రికార్డులు పోయాయి, పెళ్లాడబోయేవాడు వదిలేశాడు. మళ్లీ ఆడటానికి అనుమతి వచ్చేసరికి 1988. అనుమానంతో చూడటం మొదలుపెడితే అది ట్రాన్స్ మహిళల దగ్గర ఆగదు. పొడుగ్గా ఉన్నవాళ్లు, గొంతు బొంగురుగా ఉన్నవాళ్లు, అందరూ వరుసలో నిలబడాల్సి వస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం సలహా కాదు, గట్టిగానే చెబుతున్నాను. రేపే ఆ హుకర్ ముందు, జట్టు ముందు, ఆ ప్రశ్న ఇంకోసారి వినబడకూడదని కెప్టెన్‌గా చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ నాలుగు పేజీలు మూడుసార్లు చదివాను. అందులో కోచ్ ఏమన్నారో ఉంది, కమిటీ ఏమందో ఉంది, పదకొండు మంది, ఆరుగురు, ఎవరెవరు గ్రూపులో ఏం పెట్టారో ఉంది. ఎముక విరిగిన వింగర్ ఏమందో ఒక్క ముక్క లేదు. ఆ పదకొండు సంతకాల్లో ఆమెది ఉందో లేదో కూడా లేదు. మీ స్నేహితురాలు ఈ రెండు నెలల్లో ఒక్క మాటైనా అన్నదో లేదో లేదు. గొడవంతా ఆ ఇద్దరి గురించి, మాట్లాడనిది ఆ ఇద్దరినే.

వింగర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లండి. కాగితం గురించి అడగొద్దు. చెయ్యి ఎలా ఉంది, రాత్రిళ్లు నిద్ర పడుతోందా, మళ్లీ ఆడాలనుందా అని అడగండి. ఆమె "నాకు ఆమె ఎదురుగా ఆడాలని లేదు" అంటే, అదీ నిజమే, రాసుకోండి. "నేను తప్పుగా పడ్డాను, నా పేరు మీద ఈ గొడవేంటి" అన్నా రాసుకోండి. ఆమె ఏం చెబుతుందో మీకు ముందే తెలుసనుకుని వెళ్లకండి.

తర్వాత స్నేహితురాలు. ఇది కష్టం. మీ భయం సంగతి ఆమెకు చెప్పాలా? చెబితే నొచ్చుకుంటుంది, బహుశా కొన్నాళ్లు మాట్లాడదు. చెప్పకపోతే, రేపు కమిటీ కాగితంలో "కెప్టెన్‌కు కూడా ఆందోళన ఉంది" అన్న వాక్యం ఆమె ఇంకొకరి ద్వారా చదువుతుంది. ఈ రెండింట్లో ఏది భరించగలరో మీరే చూసుకోవాలి. నేనైతే మొదటిదే ఎంచుకుంటాను. ఇంకొకటి, తన చేతుల్లో ఒక మనిషి ఎముక విరిగిందన్న బరువును ఆమె కూడా మోస్తోంది. పోయిన సీజన్‌లో మీ ప్రాప్‌కి అందరూ భుజం తట్టారు. ఈమె భుజం ఎవరైనా తట్టారా? ఇక ఆడాలని ఆమెకే లేకపోవచ్చు, లేదా పోరాడి తీరాలని ఉండొచ్చు. అడగందే తెలియదు. ఆమె హార్మోన్ పరీక్షల కాగితాల వివరాలు మాత్రం మీరు అడగకండి, ఆమె తానే చూపించినా ఫొటో తీసుకోకండి. అవి లీగ్ డాక్టరు చూడాల్సినవి.

కమిటీకి ఏం రాయాలి? రాయనంటే రాయననొచ్చు. కానీ అప్పుడు వాళ్ల బల్ల మీద పదకొండు సంతకాల కాగితం ఒక్కటే ఉంటుంది. రాస్తే, తీర్పు రాయకండి, చూసింది రాయండి. ఆ రోజు జోడీలు ఎవరు వేశారు, ఎంత వేగంతో చేయించారు, ట్యాకిల్ ఎంత ఎత్తులో పడింది, ఇద్దరూ ఎలా పడ్డారు. ఈ రెండేళ్లలో జట్టులో జరిగిన గాయాలన్నీ, ఎవరి వల్ల, ఏ ప్రాక్టీసులో, పక్కటెముకలతో సహా, ఒక పట్టిక వేయండి. లీగ్‌కు రాసిన ఉత్తరం నకలు జత చేయండి. జవాబు వచ్చేదాకా పూర్తి వేగం ట్యాకిల్ ప్రాక్టీసు అందరికీ ఆపమని అడగండి, ఒక్కరికే కాదు. "ఎవరు ఆడాలో తేల్చే అర్హత నాకు లేదు, ఎలా సురక్షితంగా ఆడాలో చెప్పగలను" అని ఒక వాక్యం ఉంటే చాలు. ఇరుపక్షాలూ మిమ్మల్ని కొన్నాళ్లు తిట్టుకుంటాయి. అది తప్పదు.

మౌత్‌గార్డ్ డబ్బా గురించి అడిగారు కదా. ఎవరి చేతా పంపకండి, ఆఫీసులో ఆమె టేబుల్ మీద పెట్టి వచ్చేయకండి. మీరే తీసుకెళ్లండి. రెండు నెలలుగా మూసి ఉంది కాబట్టి ముందు శుభ్రంగా కడగండి. ఇస్తూ, "నా బ్యాగులో ఉండిపోయింది, రెండు నెలలు ఇవ్వడానికి ధైర్యం చాలలేదు" అని ఉన్నమాట చెప్పండి. ఆమె తీసుకుని లోపల పెట్టేసుకుంటుందో, నీ దగ్గరే ఉంచు అంటుందో చూడండి. ఆ తర్వాత కూర్చుని మాట్లాడండి.